రాని ఐదు గంటలకు రాసిన బీపీ

నిద్రతో మొదలు

రిటైరై నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఏం సాధించావని ఎవరైనా అడిగితే నిద్ర అని చెబుతాను. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటాను. సాయంత్రం లేచి కాఫీ తాగి, కాసేపు వాకిట్లో కూర్చుని, తొమ్మిదికల్లా మళ్లీ పడుకుంటాను. మా ఆయన యేసురత్నం మా ఊరు కోట దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తాడు. మొదటి నెలలో ఆయన భయపడిపోయి, "ఏందే ఇంత నిద్ర, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోకూడదా?" అన్నాడు. పరీక్షలేమీ అక్కర్లేదని చెప్పాను. ముప్పై ఏళ్లు సరిగ్గా నిద్రపోని మనిషిని ఇప్పుడు నిద్రపోతున్నాను, అంతే.

నా పేరు ఎస్తేరు. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా చేశాను. చివరి తొమ్మిదేళ్లు ఇన్‌ఛార్జ్ సిస్టర్ని. మా అక్క కూతురు నర్సింగ్ పూర్తిచేసి ఈమధ్యే ఐసీయూలో చేరుతూ, "చిన్నమ్మా, ముందుగా ఏం చదువుకోమంటావు?" అని అడిగింది. పుస్తకాలు దాని దగ్గర ఎలాగూ ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది నేను రాసిస్తానన్నాను. ఇది దానికోసం మొదలుపెట్టినదే గానీ, దానిలాంటి పిల్లలెవరు చదువుకున్నా నాకు సంతోషమే.

నాకు ఎప్పుడు ఇంక్రిమెంటు వచ్చింది, ఏ మీటింగులో ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పే నన్ను నర్సును చేసిందని నా నమ్మకం.

ఎవరికీ గుర్తుండని పని

ముందు ఒక చేదు మాట చెప్పాలి. పేషంటు తనను గుర్తుపెట్టుకోవాలని, మార్కెట్లో కనపడితే చేతులెత్తి దండం పెట్టాలని ఆశపడే పిల్లలు ఐసీయూకి రావద్దు. మన పేషంట్లు చాలామంది మత్తులో ఉంటారు. నోట్లో గొట్టం ఉంటుంది, మాట ఉండదు. కొంచెం తేరుకుని కళ్లు తెరిచి మన ముఖం చూసేసరికి వార్డుకి పంపించేస్తాం. అక్కడ ఇడ్లీ తినిపించిన సిస్టరు పేరు వాళ్లకి జీవితాంతం గుర్తుంటుంది. ఇరవై రోజులు ఒళ్లు తుడిచి, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పిన మన పేరు తెలియదు. దండలు డాక్టరు గారికి వేస్తారు. వేయాల్సిందే, నాకేం కడుపుమంట లేదు. ఉంది, కొంచెం.

మరి ఇందులో తృప్తి ఏమిటంటారా? ఇరవై రోజులు మంచాన కదలకుండా పడున్న మనిషి వీపు తిప్పి చూస్తే ఒక్క పుండు కూడా లేదనుకోండి, ఆ వీపు చూసి నేను లోపల్లోపల మురిసిపోయేదాన్ని. మూత్రపిండాలు మొరాయించిన మనిషి సంచిలో నాలుగు చుక్కలు పడితే ఐసీయూ అంతా పండగ. బయట ఎవరికైనా చెబితే నవ్వుతారు. మా ఆయనైతే అన్నం దగ్గర ఆ మాటలు ఎత్తొద్దని మొదట్లోనే షరతు పెట్టాడు.

ఇక అలసట. కాళ్లనొప్పులు అలసట కాదు, అవి వేడినీళ్లలో పెడితే పోతాయి. అసలైన అలసట చెవికి వస్తుంది, కంటికి వస్తుంది. మానిటర్ రోజంతా మోగుతూనే ఉంటుంది. పేషంటు చెయ్యి కదిపినా మోగుతుంది, ఛాతీ మీద అంటించిన బిళ్ల ఆరిపోయినా మోగుతుంది. వంద మోతల్లో ఒకటో రెండో నిజమైనవి. అలిసిన చెవికి ఆ తేడా తెలియదు. చెయ్యి దానంతటదే వెళ్లి నొక్కేస్తుంది, మోత ఆగిపోతుంది. నొక్కానన్న సంగతి కూడా గుర్తుండదు. కంటికి వచ్చే అలసట ఇంకా మోసకారిది. అది ఉన్నదాన్ని కాక, ఉండాల్సినదాన్ని చూపిస్తుంది.

రాజమ్మ గారు

నేను చేరినప్పుడు ఇన్‌ఛార్జ్ రాజమ్మ గారు. సొంతూరు కావలి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆవిడ రెండో అంతస్తులో తిడితే కింద మందుల షాపులో కుర్రాళ్లు ఎవరికి పడుతున్నాయో చెప్పుకునేవాళ్లు. పేషంటు ముందు ఎవరినీ తిట్టేది కాదు గానీ, దుప్పట్లు పెట్టే గదిలోకి పిలిచిందంటే మాత్రం ఆ రోజు అయిపోయినట్టే.

ఆవిడ దగ్గర ఒక అలవాటు ఉండేది. డ్యూటీ మారేటప్పుడు ప్రతి మంచం దగ్గర ఆగి, మందు గొట్టం మీద చూపుడువేలు పెట్టి, సీసా దగ్గర మొదలుపెట్టి పేషంటు ఒంట్లోకి వెళ్లే చోటుదాకా వేలిని నడిపించేది. మధ్యలో ఎక్కడెక్కడ కుళాయి ఉందో, అది తెరిచి ఉందో మూసి ఉందో పైకి చెప్పేది. "కంటితో చూస్తే చాలదు మే, కంటికి నిద్రొస్తాది, యేలికి రాదు" అనేది. మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. మెషిన్లు వచ్చాక కూడా ఈ వేలి నడక ఏంటని.

ఇంత తెలిసిన మనిషికి ఒక పెద్ద లోపం ఉండేది. రెండో డ్యూటీకి ఉంటావా అంటే సరేనన్న పిల్లలే ఆవిడకి మంచి పిల్లలు. తానూ అలాగే పనిచేసి పైకొచ్చింది కాబట్టి అలసట అంటే బద్ధకం అనుకునేది. "ఎస్తేరును చూసి నేర్చుకోండి, దాని నోట్లో కాదనే మాట లేదు" అని అందరి ముందూ అనేది. ఆ మెప్పుకి నేను పడిపోయాను. కోట నుంచి నెల్లూరుకి బస్సులో రెండు గంటలు. ఉదయం డ్యూటీకి ఐదింటికే ఇల్లు వదలాలి. ఆ ప్రయాణం మీద ఇంకో డ్యూటీ, వారంలో రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. నేను మంచిదాన్నని అనిపించుకోవడానికి చేశాను. ఇది త్యాగం అని మీకెవరైనా చెబితే నమ్మకండి. పొగడ్తకి లొంగడం అంటారు దీన్ని.

ఐదు గంటల గడి

ఐసీయూలో ప్రతి మంచం కాళ్ల దగ్గర పెద్ద షీటు ఉంటుంది. దాని మీద గంటకొక గడి. బీపీ, నాడి, శ్వాస, ఆక్సిజన్, మూత్రం. ప్రతి గంటకీ చూసి రాయాలి. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లు వచ్చాయి గానీ అప్పుడంతా పెన్నే. పని ఎక్కువైనప్పుడు మాలో కొందరికి ఒక పాడు అలవాటు ఉండేది. నాలుగు గంటల గడి నింపుతూ, ఆ చేత్తోనే ఐదు గంటలది కూడా నింపేయడం. పేషంటు బాగానే ఉన్నాడు కదా, గంటలో ఏం మారుతుందిలే అన్న ధీమా. ఐదింటికి వేరే పని మీద పడొచ్చు కదా అన్న ముందుచూపు. ఇది నర్సులు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. మిగతావాళ్లు జరిగినదాన్ని తప్పుగా రాస్తారు, మేం జరగనిదాన్ని రాసేవాళ్లం.

నా పేషంటు పెంచలయ్యది సంగం ఊరు. సొంత మడి కొంచెం, కౌలు మడి కొంచెం. పగిలిన పాదాలతో నాట్ల బురదలో దిగి ఎలుక జ్వరం తెచ్చుకున్నాడు. ఎలుకలు తిరిగే నీళ్లలోంచి వచ్చే జబ్బు అది, ఆలస్యం చేస్తే ఒళ్లంతా పాకుతుంది. మా దగ్గరికి వచ్చేసరికి కళ్లు పచ్చబడి, ఊపిరి అందక, బీపీ పడిపోయి ఉన్నాడు. వెంటిలేటర్ పెట్టారు. బీపీని నిలబెట్టే మందు చిన్న పంపు మీద సిరంజిలో పెట్టి, మెడ దగ్గరి నరంలోకి చుక్కచుక్కగా ఎక్కిస్తున్నాం. ఆ చుక్కలు ఆగితే నిమిషాల్లో మనిషి జారిపోతాడు. మూడో నంబరు మంచం. దాంతోపాటు నాలుగో నంబరు కూడా నాదే.

ఆ రోజు నేను ఉదయం డ్యూటీ ముగించుకుని బ్యాగు తగిలించుకున్నాను. మధ్యాహ్నం రావాల్సిన అమ్మాయి రాలేదు. రాజమ్మ గారు నావైపు చూసింది. నేను బ్యాగు దించాను. అంతకు ముందురోజు కూడా రెండు డ్యూటీలు చేశానని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

నాలుగింటికి పెంచలయ్య బీపీ నూటపన్నెండు. రాశాను. పక్కన ఐదు గంటల గడిలో నూటపది అని రాశాను. అదే అంకె వేస్తే అనుమానం వస్తుందని రెండు తగ్గించాను. ఆ రెండు తగ్గించడం ఉంది చూశారూ, ఇన్నేళ్లకీ నాకు సిగ్గు కలిగించేది అదే. నిద్రమత్తులో కూడా అబద్ధం నమ్మకంగా ఉండేలా చూసుకున్నాను.

నాలుగూ ఇరవైకి సిరంజి అయిపోవచ్చింది. కొత్తది నింపుకుని, గొట్టం మధ్యలోని కుళాయి మూసి, పాతది తీసి కొత్తది పెట్టి, పంపు నడిపాను. సరిగ్గా అప్పుడే నాలుగో నంబరు పెద్దాయన ముక్కులోని గొట్టం పీకేసుకోబోయాడు. పరుగెత్తాను. మూసిన కుళాయి మూసినట్టే ఉండిపోయింది. పంపు తిరుగుతోంది, పచ్చ దీపం వెలుగుతోంది, మందు మాత్రం లోపలికి పోవడం లేదు. ఆ పాత పంపులు, మందు నెమ్మదిగా పోయేటప్పుడు దారి మూసుకుందని గోల పెట్టడానికి చాలాసేపు తీసుకునేవి.

బీపీ పట్టీ పావుగంటకొకసారి దానంతటదే బిగుసుకుని కొలుస్తుంది. నాలుగున్నరకి కొలిచింది, మానిటర్ మోగింది. మధ్యాహ్నం నుంచీ బిళ్ల ఊడి అది మోగుతూనే ఉంది. నేను నాలుగో మంచం దగ్గర్నించే చెయ్యి చాపి నొక్కేశాను. తల తిప్పి చూడలేదు.

ఐదు కావడానికి ఇరవై నిమిషాలుందనగా రాజమ్మ గారు వచ్చింది. ఎప్పటిలాగే ముందు షీటు తీసింది. నేను వీపు తిప్పుకుని ఉన్నాను.

"ఎస్తేరూ, ఇప్పుడు టైమెంత?"

గోడ గడియారం చూసి చెప్పాను.

"ఐదింటికి ఈయన బీపీ నూటపదని రాసుండాది. ఐదు యాడుంది?"

ఆవిడ షీటు పక్కన పడేసి పట్టీ మళ్లీ కొలిచే మీట నొక్కింది. అది బిగుసుకుని, వదిలి, యాభై ఎనిమిది అని చూపించింది. కాగితం మీద పెంచలయ్య ఐదింటికి బాగానే ఉన్నాడు. మంచం మీద పెంచలయ్య చేతులు చల్లబడుతున్నాయి.

ఆవిడ అరవలేదు. చూపుడువేలు సిరంజి దగ్గర పెట్టి నడిపించింది. పదంగుళాలు నడిచేసరికి మూసిన కుళాయి తగిలింది. నేనైతే ఆ కంగారులో గబుక్కున తెరిచేసేదాన్ని. అలా చేస్తే అంతసేపూ గొట్టంలో బిగబట్టిన మందంతా ఒక్కసారిగా గుండె మీదకి పోతుంది. ఆవిడ పంపు వైపు గొట్టం విప్పి, ఆ ఒత్తిడి దూదిలోకి వదిలి, మళ్లీ బిగించి, అప్పుడు కుళాయి తెరిచింది. "డాక్టరు గారిని పిలువు. ఏం జరిగిందో నీ నోటితో నువ్వే చెప్పు" అంది. అరవై నాలుగు. డెబ్బై ఎనిమిది. తొంభై ఆరు. ఆ మూడు అంకెలకి పట్టిన సమయం నాకు ఏడాదిలా ఉంది.

తర్వాత షీటు చేతికిచ్చింది. నేను చింపేసి కొత్తది రాయమంటుందేమో అనుకున్నాను. అప్పట్లో అలాంటివి జరిగేవి. ఆవిడ ఐదు గంటల గడి మీద ఒక గీత కొట్టించి, పక్కన నిజం రాయించి, సంతకం పెట్టించింది. నా సంతకం కింద తన చేత్తో, "ఈ నర్సుకి వరసగా రెండో రోజు రెండో డ్యూటీ వేసింది నేనే" అని రాసి తానూ సంతకం పెట్టింది.

"లోపలికి పోయి పడుకో. రెండు మంచాలూ నేను చూస్తా."

దుప్పట్ల గదిలో నేల మీద పడుకున్నాను. నిద్ర రాలేదని రాస్తే గొప్పగా ఉంటుంది గానీ, వెంటనే నిద్రపట్టింది. అంత అలసిపోయి ఉన్నాను.

సంచి

మనిషి దక్కాడు. కానీ ఆ రోజు నుంచి మూత్రం ఆగిపోయింది. ఎలుక జ్వరంలో అది మామూలే, ముందురోజు నుంచే తగ్గుతూ వచ్చింది కూడా. డయాలసిస్ మొదలుపెట్టారు. నేను డాక్టరు గారిని పట్టుకుని, "నా వల్లేనా సార్?" అని అడిగాను. "ఎలాగూ ఆగేదేమో, ఆ ఇరవై నిమిషాల వల్ల ఆగిందేమో. ఎవరూ చెప్పలేరమ్మా. నేను కాదని చెబితే నువ్వు నమ్ముతావా?" అన్నారు. నిజాయితీ గల మనిషి. ఆయన ఒక చిన్న అబద్ధం ఆడితే బాగుండునని ఆ రోజు నాకు ఎంతో అనిపించింది.

పెంచలయ్య భార్య రమణమ్మ. సన్నగా, ఎండకి కమిలిన మనిషి. పొద్దునా సాయంత్రం లోపలికి వదిలినప్పుడు మొగుడి ముఖం కంటే ముందు మంచం కింద వేలాడే సంచి చూసేది.

"పోసినాడా సిస్టరమ్మా?"

"ఇంకా లేదమ్మా."

రోజుకి రెండుసార్లు ఇదే ప్రశ్న, ఇదే జవాబు. బీపీ కాసేపు పడిపోయిందని డాక్టరు గారు ఆవిడకి చెప్పారు. ఎందుకు పడిందో చెప్పలేదు. మేనేజర్ నన్ను పిలిచి, ఇంకెక్కడా ఈ మాట ఎత్తొద్దన్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం రమణమ్మ మెట్ల మీద కూర్చుని పొట్లం విప్పుకుని తింటోంది. నేను డ్యూటీ దిగి వెళ్తూ ఆవిడ పక్కన కూర్చున్నాను. కూర్చోవాలని అనుకోలేదు, కాళ్లు ఆగిపోయాయి.

చెప్పేశాను. గొట్టం, కుళాయి, పంపు అన్నీ.

ఆవిడ తినడం ఆపింది. "అంటే మడవ తెరవకుండా మోటరేసినట్టా?"

మడవ అంటే పొలంలోకి నీళ్లు వదిలే గట్టు కోత. అవును, సరిగ్గా అంతే అన్నాను.

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"ఎప్పుడు?"

"ఆ రోజు నాలుగూ ఇరవై నుంచి."

"నేను కింద టీ తాగతా ఉండా అప్పుడు" అంది. పొట్లం మడిచి పక్కన పెట్టింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పినావు?"

"నువ్వు రోజూ అడుగుతుంటే నీ ముఖం చూడలేకపోతున్నానమ్మా."

ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు. లేచి పైకి వెళ్లిపోయింది. నేను బస్సులో కోటదాకా ఏడ్చాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోతే పోనీ అని కూడా అనుకున్నాను.

మర్నాడు ఉదయం నేను వెళ్లేసరికి రమణమ్మ రాజమ్మ గారి బల్ల ముందు నిలబడి ఉంది. రాజమ్మ గారు ఏమీ దాచలేదు. "నీకు ఇష్టం లేకపోతే ఎస్తేరును మూడో నంబరు నుంచి మారుస్తానమ్మా" అంటోంది.

"వద్దు. ఈ సిస్టరమ్మే ఉండాల. ఇంక ఈమె కన్ను మూయదు." అప్పుడు నావైపు తిరిగింది. "ఇయ్యాళ ఒకటో డ్యూటీనా, రెండోదా?"

"ఒకటోదే."

"అయితే పో."

ఆ రోజు నుంచి పొద్దున ఆవిడ ప్రశ్నలు రెండయ్యాయి. ముందు నన్ను ఒకటోదా రెండోదా అని అడిగేది. ఆ తర్వాతే సంచి. ఒకరోజు రెండో డ్యూటీకి మనిషి తక్కువై రాజమ్మ గారు అలవాటుగా నావైపు చూసింది. చూసి, తలుపు దగ్గర కూర్చున్న రమణమ్మను కూడా చూసి, తానే చీర సర్దుకుని ఏప్రాన్ కట్టుకుంది.

ఏడో రోజు పొద్దున పదింటికి నేను సంచి దగ్గర వంగి చూస్తే అడుగున ఏదో మెరిసింది. కంటిని నమ్మలేదు. మోకాళ్ల మీద కూర్చుని వేలితో గొట్టం వెంట వెతికాను. గొట్టంలో కూడా ఉంది, కదులుతోంది. కొలిచాను, నలభై మిల్లీలీటర్లు. చిన్న కాఫీ గ్లాసులో సగం కూడా ఉండదు. నేను దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ ఏడ్చేశాను. విజిటింగ్ టైము కాకపోయినా బయటికి పరుగెత్తి రమణమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. రాజమ్మ గారు చూసి, గోడవైపు తిరిగి ఏదో రాసుకుంటున్నట్టు నిలబడింది.

రమణమ్మ వంగి చూసింది. "ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా నువ్వు ఏడస్తా ఉండావు?" అని, తాను కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. మరుసటి రోజు రెండు వందలు. ఆ మరుసటి రోజు తొమ్మిది వందలు. తర్వాత సంచి మార్చలేక మేమే విసుక్కున్నాం. అంత హాయైన విసుగు నాకు మళ్లీ దొరకలేదు.

వార్డుకి పంపించే రోజు పెంచలయ్య చక్రాల కుర్చీలో కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఈమె ఎవురు?" అన్నాడు భార్యతో.

రమణమ్మ నన్నొకసారి చూసి, "సిస్టరు" అంది. ఇంకేమీ అనలేదు. ఆయన చేతులు జోడించి, "వస్తా తల్లీ" అన్నాడు.

ప్లాస్టరు ముక్క

పిల్లలూ, తప్పు జరిగితే ఆ నిమిషమే మీ పైవాళ్లకి చెప్పండి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఇంటివాళ్లకి చెప్పడం సంగతి మాత్రం నాలాగా మెట్ల మీద ఒంటరిగా చేయకండి. డాక్టరు పక్కన ఉండాలి, అడిగినదానికి జవాబు చెప్పగలగాలి. నేను చెప్పింది సగం ఆవిడ కోసం, సగం నా బరువు దించుకోవడానికి. ఆవిడ మంచితనం వల్ల సరిపోయింది. ఇంకొకరైతే తట్టుకోలేకపోయి ఉండవచ్చు, వాళ్లని తప్పుపట్టడానికీ లేదు.

నేను ఇన్‌ఛార్జ్ అయ్యాక రెండు పనులు చేశాను. మొదటిది, షీటును ఇప్పటి గంట దగ్గర మడిచి క్లిప్పు పెట్టించాను. రాని గంటలు కంటికి కనపడకూడదు, కనపడితే చెయ్యి ఊరుకోదు. రెండోది, రెండో డ్యూటీ చేసే పిల్ల పేరు బిళ్ల మీద ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద "2" అని రాయాలి. ఆ ముక్క ఉన్న నర్సు సిరంజి మారిస్తే ఇంకొకరు వచ్చి వేలు నడిపించాలి. మొదట్లో పిల్లలు నామోషీ పడ్డారు. నసీమా అని ఒక చురుకైన అమ్మాయి, "ఇదేంటక్కా, బస్సు నంబరు మాదిరి" అని మూతి ముడుచుకుంది. ఒకసారి ఆ ముక్క వల్లే తన చేతిలోంచి ఒక తప్పు సిరంజి పేషంటు దాకా వెళ్లకుండా ఆగాక, తానే అందరికీ ప్లాస్టరు కత్తిరించి పెట్టేది.

రెండో డ్యూటీలు పూర్తిగా పోయాయని అబద్ధం చెప్పను. మనుషులు చాలనంతకాలం అవి ఉంటాయి. కానీ అలిసిపోయానని చెప్పుకోవడానికి మా ఐసీయూలో ఎవరూ సిగ్గుపడలేదు. నా ఉద్యోగంలో నేను గర్వపడేది ఏదైనా ఉంటే అదే. రాజమ్మ గారు రిటైరయ్యేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "కాదనడం నీకు నేనే నేర్పుండాల, ఆలస్యమైపోయింది" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద క్షమాపణ రాదు.

చివరి బస్సు

ఒక్క జబ్బు మాత్రం నాకు మిగిలిపోయింది. ఆ రోజు తర్వాత డ్యూటీ దిగి బస్సెక్కితే చాలు, ఊరు దాటకముందే చెయ్యి చల్లబడేది. తెరిచానా? ఫలానా మంచం కుళాయి తెరిచానా? వేలు నడిపించిన సంగతి గుర్తున్నా నమ్మకం కుదిరేది కాదు. ఐసీయూకి ఫోను చేసేదాన్ని. రెండున్నర ప్రాంతంలో ల్యాండ్‌లైన్ మోగితే, పిల్లలు "ఎస్తేరక్క బస్సెక్కింది" అని నవ్వుకుంటూ ఎత్తేవాళ్లు. వెళ్లి చూసొచ్చి, "తెరిచే ఉండాయక్కా" అని చెబితే తప్ప సీటుకి వీపు ఆనించేదాన్ని కాదు. ఇన్నేళ్లూ ఒక్కరోజు తప్పలేదు. బస్సులో నిద్రపోయి ఎరగను.

రిటైరైన రోజు కేకు కోశారు, ఫోటోలు తీశారు, నేను ఆఖరిసారి ప్రతి మంచం దగ్గరా వేలు నడిపించి నసీమాకి అప్పజెప్పాను. ఇప్పుడు తనే ఇన్‌ఛార్జ్. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటింది. అలవాటుగా ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఇంక నాకు ఫోన్ చేసే హక్కు ఉందా అని ఒక సందేహం వచ్చింది. ఆ మంచాలు నావి కావు కదా. చేయకుండా ఉండలేను, చేయడానికి మొహమాటం. అలా నంబరు చూస్తూ కూర్చున్నాను.

ఫోను మోగింది. నసీమా.

"అక్కా, మీరింకా చేయలేదేందని నేనే చేసినా. ఒకటో నంబరు నుంచి ఎనిమిదో నంబరు దాకా యేలు పెట్టి చూసినా. అన్నీ తెరిచే ఉండాయి."

నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఇంటుండారా అక్కా? అన్నీ తెరిచే ఉండాయి. ఇంక పడుకోండి."

ఫోను బ్యాగులో పెట్టాను. సీటుకి వీపు ఆనించాను. గూడూరు ఎప్పుడు వచ్చిందో తెలియదు, కోట ఎప్పుడు దాటిందో తెలియదు. కండక్టరు భుజం తట్టి లేపేసరికి బస్సు ఆఖరి స్టాపు వాకాట్లో ఆగి ఉంది, లోపల నేను తప్ప ఎవరూ లేరు.

"ఏందమ్మా, ఇంత నిద్ర? యాడ దిగాల నువ్వు?"

కోటలో అన్నాను. అతను తలకొట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు.